పూర్ణసంఖ్యల ఒడంబడిక: ప్రోగ్రామింగ్ భాషల సరిహద్దున ఒక సమీక్ష

ఒక ప్రోగ్రామింగ్ భాషలో వ్రాయబడిన భాగము మరియొక భాషలో వ్రాయబడిన భాగమును పిలిచి పని చేయించుకొనునపుడు, ఆ రెంటి నడుమ చేతులు మారు సరకులో అత్యధికభాగము పూర్ణసంఖ్యలే. ఫైలునుండి చదువవలసిన బైట్ల లెక్క, పరికరమునకు పంపవలసిన ఆజ్ఞ, జరిగిన దోషమును తెలుపు సంకేతము, గడియారము చెప్పు కాలము, మెమొరీలోని చిరునామా, ఇవియెల్ల తుదకు పూర్ణసంఖ్యలై సరిహద్దును దాటుచున్నవి. గణితశాస్త్రజ్ఞుని దృష్టిలో పూర్ణసంఖ్యకు వెడల్పు లేదు, అవధి లేదు, నివాసభేదముచేత స్వభావభేదమును లేదు. యంత్రములోని పూర్ణసంఖ్య అట్టిది కాదు. అది ఇన్ని బిట్లలోనే ఇమిడియుండవలెను. దాని పైబిట్టును గుర్తుగా చదువవలెనో విలువగా చదువవలెనో ముందుగానే నిర్ణయింపబడియుండవలెను. అది మెమొరీలో ఏ హద్దుపై నిలువవలెనో, రిజిస్టరులో ఎంత చోటును ఆక్రమించునో, అవధి మీరినపుడు ఏమగునో, ఇవియన్నియు ఎవరో ఒకరు విధింపవలసినవే. ఈ విధులను ఒక్కొక్క భాష, ఒక్కొక్క యంత్రము, ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్ తన తన అవసరములను బట్టి వేరువేరుగా విధించుకొన్నవి. పూర్వము కుంచమను ఒకే పేరుగల కొలపాత్ర ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పరిమాణముతో చెల్లుబాటగుచు, సీమ దాటి ధాన్యము కొను వర్తకుని మోసపుచ్చినట్లే, ఇంట్ అనియు లాంగ్ అనియు ఒకే పేర పిలువబడు రకములు యంత్రము మారినపుడును భాష మారినపుడును వేరువేరు పరిమాణములను దాల్చి ప్రోగ్రామరును మోసగించుచున్నవి.

సామాన్యమైన అప్లికేషన్లు వ్రాయువారికి ఈ చిక్కు అంతగా కనబడదు. భాషయొక్క రన్‌టైమ్ దానిని తెరవెనుక పరిష్కరించి పెట్టును. కెర్నెల్, డ్రైవరు, సిస్టమ్ లైబ్రరీ మొదలగు అడుగు అంతస్తులలో పనిచేయువారికి మాత్రము ఆ తెర లేదు. రెండు భాషల భాగములను కలిపి కుట్టునది లింకర్. సి పద్ధతిలో ఆ లింకర్ ఫంక్షన్ పేరును మాత్రమే పోల్చి చూచును. అది కోరు పూర్ణసంఖ్య 32 బిట్లదో 64 బిట్లదో విచారింపదు. కావున ఇరుపక్షముల ప్రకటనలు పరస్పరవిరుద్ధములైనను ప్రోగ్రాము నిరాటంకముగా సిద్ధమగును, పరీక్షలలో పెక్కుమారులు సరిగానే నడచును, ఏనాడో ఒక పెద్దవిలువ వచ్చిన దినమున మెమొరీని చెరచును. ఈ సమస్యను సమగ్రముగా పరిశీలించినచో తేలు సిద్ధాంత మొక్కటి కలదు: వెడల్పు సమానమైనంత మాత్రమున రెండు రకములు ఒక్కటి కాజాలవు. పూర్ణసంఖ్యల పొందిక అనునది అదృష్టవశమున కుదురు సామ్యము కాదు, ఉభయపక్షములును వ్రాసికొని పాటింపవలసిన ఒడంబడిక. ఆ ఒడంబడికలోని అంశములు ఆరు: వెడల్పు, గుర్తు, అమరిక, రిజిస్టరులోని శేషభాగము, అవధి మీరినపుడు నడవడి, రకముయొక్క నామము. వీనిని వరుసగా విచారింతము.

సి భాష మిగిల్చిన వారసత్వము

నేటి వ్యవస్థలలో ఏ రెండు భాషలు కలిసికొన్నను సాధారణముగా సి భాషయొక్క మర్యాదలోనే కలిసికొనును. రస్ట్ భాషలోని భాగము గో భాషలోని భాగముతో మాటాడవలసివచ్చినను, నడుమ నుండునది సి పద్ధతియే. కావున సమస్యకు మూలమును అచ్చటనే వెదకవలెను. సి భాషకు పూర్వజములైన బీసీపీఎల్, బి అను భాషలలో రకములే లేవు. యంత్రముయొక్క ఒక పదము, అనగా వర్డ్, ఒక్కటియే వాటికి తెలిసిన వస్తువు. బెల్ లేబొరేటరీస్‌లో డెన్నిస్ రిచీ 1970 దశకారంభమున పీడీపీ-11 యంత్రముపై పనిచేయుచున్నపుడు, ఆ యంత్రము బైట్లను విడివిడిగా పేర్కొనగలదగుటచే, అక్షరమునకు ఒక రకము, సంఖ్యకు ఒక రకము అవసరమయ్యెను. చార్, ఇంట్ అను రకములు ఇట్లు జనించినవి. ఆనాటి ఇంట్ 16 బిట్లది, ఏలయన ఆ యంత్రము 16 బిట్లది.

తరువాత సి భాష నానావిధ యంత్రములకు వ్యాపించినపుడు, ఇంట్ అనగా ఆ యా యంత్రమునకు సహజమైన పరిమాణము అను భావమే నిలిచెను. 1989లో వెలువడిన అమెరికన్ ప్రమాణము కనీస పరిమితులను మాత్రమే నిర్దేశించెను: చార్ 8 బిట్లకు, షార్ట్ మరియు ఇంట్ 16 బిట్లకు, లాంగ్ 32 బిట్లకు తగ్గరాదు. ఇది అవివేకము కాదు. ఒకే మూలపాఠమును ఏ యంత్రముపైనైనను ఆ యంత్రమునకు అనువైన వేగముతో నడుపుట ఆనాటి లక్ష్యము. దానిని ఆ నిర్ణయము చక్కగా సాధించెను. కాని మూలపాఠమునకు మేలు చేసిన ఆ సడలింపు, విడివిడిగా కంపైలైన రెండు భాగములు కలిసికొనునపుడు కీడైనది. సి భాషలోనే వ్రాసిన ఇరుభాగములకు హెడర్ ఫైలు ఒక్కటిగా నుండి రక్షణ కల్పించును. రెండవభాగము అన్యభాషలో నున్నచో ఆ హెడరును చదువు నాథుడే లేడు.

వెడల్పు

32 బిట్ల యంత్రముల కాలములో ఇంట్, లాంగ్, పాయింటర్ మూడును 32 బిట్లవిగా నుండి, అవి యొక్కటే యను భ్రమను ఒక తరము ప్రోగ్రామర్ల మనస్సులలో నాటుకొనజేసినవి. 64 బిట్ల యంత్రములు వచ్చినపుడు మార్గములు చీలినవి. యూనిక్స్ సంప్రదాయమువారు లాంగ్‌ను పాయింటరును 64 బిట్లకు పెంచి, ఇంట్‌ను 32 బిట్లలో నిలిపిరి. దీనికి ఎల్‌పీ64 అని పేరు. మైక్రోసాఫ్ట్ వారు, లాంగ్ 32 బిట్లదని నమ్మి వ్రాయబడిన అపారమైన కోడ్ చెడకుండుటకై, విండోస్‌లో లాంగ్‌ను 32 బిట్లలోనే యుంచి, పాయింటరును లాంగ్ లాంగ్‌ను మాత్రమే 64 బిట్లవి గావించిరి, ఇది ఎల్‌ఎల్‌పీ64. ఫలితముగా ఒకే ప్రాసెసర్‌పై, ఒకే సి భాషలో, లాంగ్ అను ఒకే మాటకు లినక్స్‌లో ఒక పరిమాణము, విండోస్‌లో వేరొక పరిమాణము ఏర్పడెను.

ఈ చీలిక అన్యభాషలను ఎంతకాలము వెన్నాడెనో చూపుటకు రెండు నిదర్శనములు చాలును. పైథాన్ లోకమున సంఖ్యాగణనకు ఆధారమైన నంపై లైబ్రరీ తన సహజ పూర్ణసంఖ్యను సి లాంగ్‌తో ముడిపెట్టుకొన్నందున, 64 బిట్ల విండోస్‌పై సైతము అది 32 బిట్లదిగానే యుండి, లినక్స్‌లో సరియైన లెక్కను అచ్చట తప్పుగా చూపుచుండెను. 2024లో వెలువడిన 2.0 సంచికలో గాని ఆ భేదము తొలగలేదు. సి-షార్ప్ నడచు డాట్‌నెట్ వ్యవస్థలో సి లాంగ్‌నకు సరియైన జోడు చిరకాలము లేకపోవుటచే ప్రోగ్రామర్లు ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్‌నకు ఒక్కొక్క ప్రకటన వ్రాసికొనవలసివచ్చెను. 2021 నాటి డాట్‌నెట్ 6లో సి-లాంగ్, సి-యు-లాంగ్ అను ప్రత్యేకరకములను చేర్చి ఆ కొరతను తీర్చిరి.

పాయింటరును ఇంట్‌గా చదువుట ఇంకను అపాయకరము. పైథాన్‌నుండి సి ఫంక్షన్లను పిలుచు సీటైప్స్ పరికరము, ప్రోగ్రామరు వేరుగా చెప్పనిచో, ప్రతి ఫంక్షన్ ఇంట్‌నే తిరిగి ఇచ్చునని భావించును. ఆ ఫంక్షన్ నిజముగా పాయింటరును తిరిగి ఇచ్చినచో 64 బిట్లలో పైసగము తెగిపోవును. చిరునామా చిన్నదైన దినమున అంతయు సవ్యముగా నడచును, పెద్దదైన దినమున ప్రోగ్రాము కూలిపోవును. పాత సి భాషలోనే ప్రకటన లేని ఫంక్షన్ ఇంట్‌ను ఇచ్చునను నియమముండెడిది; ఆ నియమమును 1999 ప్రమాణము తొలగించినది. అదే ప్రమాణము ఇంట్32టి, ఇంట్64టి మొదలగు నిశ్చితపరిమాణముగల పేర్లను ప్రసాదించినది. కొత్తగా వ్రాయు ఇంటర్‌ఫేస్‌లకు అవి సంజీవనివంటివే. కాని పాతికముప్పది యేండ్లుగా లాంగ్ అని ప్రకటింపబడి యున్న ఫంక్షన్లను అవి మార్చజాలవు. వాటిని పిలుచు అన్యభాష, లాంగ్ ఆ యంత్రముపై ఎంతటిదో తెలిసికొనియే తీరవలెను.

గుర్తు

వెడల్పు కుదిరినను పైబిట్టు అర్థము కుదరవలెను. 32 బిట్లును ఒకట్లైన సంఖ్యను గుర్తుగల రకముగా చదివినచో ఋణాత్మకమైన ఒకటి. గుర్తులేని రకముగా చదివినచో 4294967295. దోషము జరిగినదని తెలుపుటకు ఋణాత్మకమైన ఒకటిని తిరిగి ఇచ్చుట యూనిక్స్ సంప్రదాయము. దానిని అన్యభాషలోని పిలుపరి గుర్తులేని పొడవుగా గ్రహించినచో, దోషసూచన కాస్తయు ఊహకందని మహాపరిమాణముగా మారగా, ఆ పిలుపరి అంత మెమొరీని చదువబూనును.

ఈ విషయమున అతి జటిలమైనది చార్. దానికి గుర్తు కలదో లేదో సి ప్రమాణము నిర్ణయింపక కంపైలరుకు విడిచిపెట్టెను. ఎక్స్86 యంత్రములపై అది గుర్తుగలది; లినక్స్ నడుపు ఆర్మ్ యంత్రములపైనను పవర్‌పీసీ యంత్రములపైనను గుర్తులేనిది; ఆపిల్ వారి ఆర్మ్ యంత్రములపై మరల గుర్తుగలది. ఒకే ఆర్మ్ ప్రాసెసర్ జాతిపై రెండు మతములు! లినక్స్ కెర్నెల్ నిర్వాహకులు ఈ అనిశ్చయమునకు విసిగి, 2023 ఫిబ్రవరిలో వెలువడిన 6.2 సంచికనుండి కెర్నెల్ అంతటను చార్ గుర్తులేనిదేనని కంపైలరుకు ఆదేశించిరి. రస్ట్ ప్రామాణిక లైబ్రరీలోని సి-చార్ అను పేరు ఆ యా వేదికను బట్టి ఒకచోట గుర్తుగల ఐ8, మరియొకచోట గుర్తులేని యు8 అగుచున్నది. ఈ సూక్ష్మము నెరుగక సి-చార్ స్థానమున ఐ8 అని వ్రాసిన కోడ్ ఒక యంత్రముపై కంపైలై వేరొక యంత్రముపై నిరాకరింపబడును. ఆ నిరాకరణ మేలే. నిరాకరింపని భాషలలో అది మౌనదోషమగును.

కొన్ని భాషలలో గుర్తులేని పూర్ణసంఖ్యలు అసలే లేవు. జావాలో 16 బిట్ల చార్ తప్ప మిగిలిన పూర్ణసంఖ్యలన్నియు గుర్తుగలవే. బైట్ సైతము −128 మొదలు 127 వరకు నుండునదే. ఫోర్ట్రాన్‌లోను అంతే. అట్టి భాషలు సి పక్షమునుండి గుర్తులేని విలువను పొందినపుడు, బిట్లను యథాతథముగా గ్రహించి, పోలికలను భాగహారములను ప్రత్యేక ఫంక్షన్లతో చేయవలెను, లేదా వెడల్పైన రకములోనికి మార్చుకొనవలెను. జావా 8లో, అనగా 2014లో, గుర్తులేని పోలికకును భాగహారమునకును అట్టి ఫంక్షన్లు చేర్పబడినవి.

అమరిక

వెడల్పు, గుర్తు రెండును కుదిరిన పిమ్మట మెమొరీలో స్థానము కుదరవలెను. 4 బైట్ల సంఖ్య ఒకటి, దాని వెనుక 8 బైట్ల సంఖ్య ఒకటి గల చిన్న స్ట్రక్చర్‌ను తలపోయుడు. యూనిక్స్ సంప్రదాయమున నడచు 32 బిట్ల ఎక్స్86 యంత్రముపై 8 బైట్ల సంఖ్య 4 బైట్ల హద్దుపైననే నిలువవచ్చును; స్ట్రక్చర్ మొత్తము 12 బైట్లు. 64 బిట్ల యంత్రముపై అది 8 బైట్ల హద్దుకై ఎదురుచూచును. నడుమ 4 బైట్లు వృథాగా విడువబడి, మొత్తము 16 బైట్లు. సంఖ్యల వెడల్పులు ఇరువైపుల ఒక్కటియే, పేర్లు ఒక్కటియే, అయినను స్ట్రక్చర్ ఒక్కటి కాదు. 64 బిట్ల లినక్స్ కెర్నెల్‌పై 32 బిట్ల ప్రోగ్రామును నడుపునపుడు ఈ భేదము నిత్యసమస్య. అందులకే కెర్నెల్ వారు ప్రత్యేకమైన అనువాదమార్గములను నిర్మించి, కొత్త ఇంటర్‌ఫేస్‌లలో 8 బైట్ల హద్దును బలవంతముగా విధించు రకమును వాడుచున్నారు.

ఇంకను ఇటీవలి నిదర్శనము 128 బిట్ల పూర్ణసంఖ్యది. 64 బిట్ల ఎక్స్86 యంత్రములకై వ్రాయబడిన ఒడంబడిక అట్టి సంఖ్య 16 బైట్ల హద్దుపై నిలువవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. జీసీసీ కంపైలర్ దానిని పాటించెను. ఎల్‌ఎల్‌వీఎం అను కంపైలర్ వ్యవస్థ ఆధారముగా నడచు రస్ట్ మాత్రము చిరకాలము 8 బైట్ల హద్దునే వాడెను. ఈ రకము సరిహద్దు దాటుటకు యోగ్యము కాదని రస్ట్ కంపైలరే హెచ్చరించుచుండెను. ఎల్‌ఎల్‌వీఎం 18తోను, 2024 మార్చిలో వెలువడిన రస్ట్ 1.77తోను గాని ఆ దోషము సవరణ పొందలేదు. లిఖితమైన ఒడంబడిక యుండియు దానిని పాటించుట ఇన్ని యేండ్లు ఆలస్యమైనదన్నచో, అలిఖితమైన వానిమాట చెప్పనేల?

రిజిస్టరులోని శేషభాగము

ఆరింటిలో అత్యంత నిగూఢమైనది ఇదియే. 32 బిట్ల సంఖ్యను 64 బిట్ల రిజిస్టరులో నుంచి పంపునపుడు మిగిలిన 32 బిట్లలో ఏమి యుండవలెను? పంపువాడు వానిని శుభ్రపరుపవలెనా, పుచ్చుకొనువాడు శుభ్రపరుపవలెనా? ఈ ప్రశ్నకు యంత్రమున కొక సమాధానము కలదు. పవర్‌పీసీ, ఎస్390 మొదలగు 64 బిట్ల వేదికలలో పంపువాడే గుర్తును పైవరకు విస్తరించి పంపవలెను. 64 బిట్ల ఆర్మ్ ప్రమాణములో పైభాగము అనిశ్చితము, పుచ్చుకొనువాడే జాగ్రత్త పడవలెను. కాని ఆపిల్ వారు అదే యంత్రముపై 8, 16 బిట్ల సంఖ్యలను పంపువాడే 32 బిట్లవరకు విస్తరింపవలెనని నియమించుకొనిరి. 64 బిట్ల రిస్క్-ఫైవ్‌లో గుర్తులేని 32 బిట్ల సంఖ్యను సైతము గుర్తుగలదానివలెనే విస్తరింపవలెనను విచిత్రనియమము కలదు. ఎక్స్86 యంత్రములపై 8, 16 బిట్ల సంఖ్యల విషయమున ఒడంబడిక మౌనము వహింపగా, పంపువాడు 32 బిట్లవరకు విస్తరించెనని క్లాంగ్ కంపైలర్ నమ్మి కోడ్ పుట్టించును. చేతితో అసెంబ్లీ వ్రాయువాడుగాని, కొత్తభాషకు కంపైలర్ నిర్మించువాడుగాని ఈ నమ్మిక నెరుగనిచో ఉభయులును ధర్మపరులై యుండియే దోషము పుట్టును.

ఇది ఊహాత్మకమైన భయము కాదు. 2009లో లినక్స్ కెర్నెల్‌లో బయల్పడి సీవీఈ-2009-0029 అను సంఖ్యతో నమోదైన భద్రతాదోషము సరిగా ఇట్టిదే. ఎస్390, పవర్‌పీసీ, స్పార్క్64, 64 బిట్ల మిప్స్ వేదికలపై 32 బిట్ల ఆర్గ్యుమెంట్లను పిలుపరి గుర్తువిస్తరణ చేసి పంపెనని కెర్నెల్‌లోని సి కోడ్ విశ్వసించుచుండెను. ఆ పిలుపరి ఎవరు? కెర్నెల్ ఆవల నున్న సామాన్య ప్రోగ్రాము. దానిని నమ్మదగినదని ఎవరును హామీ ఇవ్వలేదు. దుర్బుద్ధి గలవాడు పైభాగమున ఇష్టమైన బిట్లను నింపి పంపినచో, కింది 32 బిట్లపై జరిగిన పరీక్షను దాటి, 64 బిట్లతో జరుగు చర్యను వక్రింపజేసి, వ్యవస్థను కూల్చుటకో అధికారము సంపాదించుటకో అవకాశ మేర్పడెను. పరిష్కారముగా ప్రతి సిస్టమ్ కాల్ ముఖద్వారమునను ఆర్గ్యుమెంట్లన్నిటిని లాంగ్‌గా పుచ్చుకొని, లోపల ఉద్దిష్టరకమునకు మార్చు మాక్రోలను ప్రవేశపెట్టిరి. విశ్వాసములేని సరిహద్దులో శుభ్రపరచుట పుచ్చుకొనువాని విధి అను సూత్రమును ఈ సంఘటన శాశ్వతముగా నేర్పినది.

అవధి మీరినపుడు

అవధి మీరినపుడు భాషలు నడచుకొను తీరు నానావిధములు. సి భాషలో గుర్తుగల సంఖ్య అవధి మీరుట నిర్వచింపబడని ప్రవర్తన. అట్టిది జరుగదని భావించి కంపైలర్ పరీక్షలనే తొలగింపవచ్చును. జావా, గో భాషలలో సంఖ్య చుట్టు తిరిగి రెండవకొననుండి మొదలగును. రస్ట్ అభివృద్ధిదశలోని కంపైలేషనులో ప్రోగ్రామును ఆపివేయును, విడుదలదశలో సాధారణముగా చుట్టు తిప్పును. స్విఫ్ట్ సర్వదా ఆపివేయును; ఏడా ఎక్సెప్షన్‌ను లేవనెత్తును. సరిహద్దు దాటిన సంఖ్య ఆవలిభాషయొక్క ధర్మమునకు లోబడును గాని పుట్టినింటి ధర్మమును వెంట తీసికొనిపోదు. ఒక భాషలో చుట్టు తిరుగుననెడి భరోసాతో వ్రాసిన హాష్ గణనను సి భాషలోనికి మార్చినచో అది నిర్వచనము కోల్పోవును. 16 బిట్ల గుర్తులేని సంఖ్యలు రెంటిని సి భాషలో గుణించినపుడు అవి ముందుగా గుర్తుగల ఇంట్‌గా పెరుగుననియు, ఆ లబ్ధము 32 బిట్ల అవధిని మీరవచ్చుననియు ఎందరు ఎరుగుదురు? ఋణసంఖ్యలను బిట్లలో వ్రాయు ద్విపూరక పద్ధతిని సి++ 2020, సి 2023 ప్రమాణములు ఏకైక ప్రాతినిధ్యముగా అంగీకరించినను, అవధి మీరుటను మాత్రము నిర్వచింపక యథాతథముగా విడిచినవి.

నామభేదము

బిట్లన్నియు కుదిరినను పేర్లు కుదరనిచో చిక్కు గలదని వినువారికి ఆశ్చర్యము కలుగవచ్చును. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్, లాంగ్ లాంగ్ రెండును 64 బిట్లవే. అయినను సి, సి++ భాషలకు అవి భిన్నరకములు. సాధారణముగా లినక్స్‌లో ఇంట్64టి అనగా లాంగ్, మ్యాక్‌ఓఎస్‌లో లాంగ్ లాంగ్. సి++ కంపైలర్ ఫంక్షన్ పేరులోనే రకములను సంకేతాక్షరములుగా పొదుగునందున, బిట్లు సమానమైనను ఆ పేర్లు భిన్నములై లింకర్‌కు దొరకవు.

ఈ నామభేదము ఇటీవల భద్రతావిషయమున ప్రధానసమస్యగా పైకి వచ్చినది. పాయింటరు ద్వారా ఫంక్షనును పిలుచునపుడు, ఆ పాయింటరును శత్రువు మార్చివేసియుండునేమో అను అనుమానముతో, పిలువబడు ఫంక్షన్ రకమునకును పిలుచుచోట ఆశించిన రకమునకును పొందిక కలదా అని పరీక్షించు పద్ధతికి కంట్రోల్ ఫ్లో ఇంటెగ్రిటీ అని పేరు. లినక్స్ కెర్నెల్ 6.1లో చేరిన కేసీఎఫ్‌ఐ విధానములో ప్రతి ఫంక్షన్‌కు ముందు దాని రకమునుండి లెక్కింపబడిన 32 బిట్ల ముద్ర యుండును. ముద్రలు కలియనిచో పిలుపు నిలిచిపోవును. 2022 డిసెంబరులో వెలువడిన అదే 6.1లో రస్ట్ భాషకు తొలి ఆశ్రయము లభించుట గమనార్హము. సి కంపైలర్ ముద్రను రకముయొక్క నామమునుండి గణించును. లాంగ్‌కు ఒక ముద్ర, లాంగ్ లాంగ్‌కు మరియొకటి. రస్ట్‌లో ఆ పేర్లు లేవు. సి-లాంగ్ అనునది ఐ64కో ఐ32కో మారుపేరు మాత్రమే, కంపైలర్ ముద్ర గణించునప్పటికి ఆ మారుపేరు కరగిపోయియుండును. కావున సర్వవిధముల ధర్మబద్ధమైన పిలుపు సైతము శత్రుకృత్యమని నిరోధింపబడు ప్రమాద మేర్పడెను.

దీనికి కనుగొనిన ఉపాయము క్లాంగ్‌లోను రస్ట్‌లోను పూర్ణసంఖ్యలను సమీకరించు ఐచ్ఛికము: ముద్ర గణించునపుడు నామమును విడిచి, వెడల్పును గుర్తును మాత్రమే గ్రహింతురు. భాషలకు సఖ్యత చేకూరెను, కాని మూల్యము లేకపోలేదు. పూర్వము భిన్నములుగా నున్న ముద్రలు కొన్ని ఏకమగుటచే, శత్రువునకు చేరదగిన ఫంక్షన్ల సమూహము కొంత విస్తరించును. కచ్చితత్వమును సఖ్యతను ఏకకాలమున పూర్తిగా పొందుట ఇచ్చట సాధ్యపడలేదు. ఇది ఈ రంగములో నేటికిని సజీవమైన చర్చ.

భాషల వైఖరులు

ఈ ఆరు చిక్కులకు భాషలు చూపిన పరిష్కారములను రెండు సంప్రదాయములుగా విభజింపవచ్చును. ఒకటి సి రకములకు తన యింట ప్రత్యేకనామము లిచ్చు సంప్రదాయము. ఏడా 1995 ప్రమాణములోనే ఇంటర్‌ఫేసెస్-సి అను ప్యాకేజీని నెలకొల్పి, సి ఇంట్‌కు సి లాంగ్‌కు విడివిడి రకములను కల్పించెను. ఫోర్ట్రాన్ 2003 ప్రమాణములో ఐసో-సి-బైండింగ్ ద్వారా అదే చేసెను. గో భాషయొక్క సీగో పరికరము, జిగ్, రస్ట్ భాషలు సైతము ఈ మార్గమునే అవలంబించినవి. గో భాషలో 64 బిట్ల యంత్రముపైనను ఇంట్, ఇంట్64 భిన్నరకములే యగుటయు, వాటి నడుమ మార్పును ప్రోగ్రామరే స్పష్టముగా వ్రాయవలసియుండుటయు అధికశ్రమగా తోచినను, అది సరిహద్దు దగ్గర మెలకువను నేర్పు శ్రమ.

రెండవది నిశ్చితపరిమాణ సంప్రదాయము. జావా ఇంట్ ఎచ్చటనైనను 32 బిట్లదే, లాంగ్ 64 బిట్లదే. సరిహద్దులో జేఇంట్, జేలాంగ్ అను పేర్లతో సి పక్షమే జావా ధర్మమునకు వంగవలెను. రస్ట్ భాషలో తొలుత ఇంట్, యుఇంట్ అను పేర్లుండగా, 2015లో 1.0 సంచిక వెలువడుటకు ముందే వానిని ఐసైజ్, యుసైజ్ అని మార్చి, పాయింటర్ పరిమాణముగలవి అను నిజస్వభావమును పేరులోనే ప్రకటించిరి. ఐనను యుసైజ్ సి భాషలో పరిమాణములను తెలుపు సైజ్‌టితో సర్వత్ర సమానమని చెప్ప వీలులేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయమును ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనలును రూపొందించిన షెరీ యంత్రములలో పాయింటర్ 128 బిట్లది, చిరునామా 64 బిట్లది. అచ్చట ఆ రెండు భావములును విడిపోవును. దీనికి విరుద్ధముగా లినక్స్ కెర్నెల్‌లో లాంగ్ సర్వదా పాయింటర్ పరిమాణమే కలిగియుండుననెడి స్వకీయ నియమము కలదగుటచే, కెర్నెల్‌లోని రస్ట్ భాగమువారు ప్రామాణిక లైబ్రరీ పేర్లను ప్రక్కనబెట్టి, లాంగ్‌ను ఐసైజ్‌గాను చార్‌ను యు8గాను స్వీకరించు సొంత పట్టికను ఏర్పరచుకొనిరి. సామాన్యధర్మముకంటె స్థానికధర్మము స్థిరమైనపుడు దానినే లిఖించుకొనుట ఉచితమని దీని తాత్పర్యము.

నా అభిప్రాయమున ఈ రెండు సంప్రదాయములలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది యనుట సరికాదు. అన్యులు సి భాషలో ముందుగానే ప్రకటించిన ఫంక్షనును పిలుచునపుడు మొదటిదియే శరణ్యము. కొత్తగా ఇంటర్‌ఫేస్ నిర్మించునపుడు, మెమొరీలోగాని ఫైలులోగాని నెట్‌వర్కుపైగాని దత్తాంశమును పరచునపుడు రెండవదియే శ్రేయస్కరము. ఒకదాని స్థానమున మరియొకదానిని వాడుటయే పెక్కు దోషములకు మూలము.

కాలముతో మారు ఒడంబడిక

ఒడంబడిక ఒకనాడు కుదిరినను చిరకాలము నిలుచునని చెప్పలేము. 1970నుండి లెక్కింపబడు సెకన్లను గుర్తుగల 32 బిట్లలో నుంచు టైమ్‌టి రకము 2038 జనవరి 19న, సార్వత్రిక కాలమానము ప్రకారము 3 గంటల 14 నిమిషముల 7 సెకన్లకు నిండిపోవును. 2020 నాటి లినక్స్ 5.6, 2021 నాటి సి లైబ్రరీయగు జీలిబ్‌సి 2.34 సంచికలు 32 బిట్ల యంత్రములకును 64 బిట్ల కాలమును సుసాధ్యము గావించినవి. అయినను ఒక లైబ్రరీ కొత్త టైమ్‌టితోను, దానిని పిలుచునది పాతదానితోను కంపైలైనచో స్ట్రక్చర్లు తారుమారగునందున, డెబియన్ అను లినక్స్ పంపిణీవారు 2025లో వెలువడిన 13వ సంచికకై అసంఖ్యాకమైన లైబ్రరీలను ఏకకాలమున మార్చవలసివచ్చెను. పాత ప్రోగ్రాములు చెడకుండుటకై 32 బిట్ల ఎక్స్86ను మాత్రము ఆ మార్పునుండి మినహాయించిరి. అన్యభాషలలో టైమ్‌టిని చేతితో 32 బిట్లని వ్రాసికొన్న ప్రకటనలు ఈ మార్పును తమంత తాము తెలిసికొనలేవు.

గణితలైబ్రరీలలోను ఇట్టిదే జరిగినది. ఫోర్ట్రాన్ సంప్రదాయమున వెలసిన బ్లాస్, లాప్యాక్ లైబ్రరీలు 32 బిట్ల సూచికలతోను 64 బిట్ల సూచికలతోను ఒకే పేర్లతో లభింపగా, రెండును ఒకే ప్రోగ్రాములో చేరినచో వినాశమే. జూలియా భాషవారు 64 బిట్ల వానికి పేరు చివర ప్రత్యేకచిహ్నము తగిలించి ఆ సంకరమును నివారించిరి. 2018 నాటి జీసీసీ 8లో ఫోర్ట్రాన్ అక్షరమాలల పొడవును తెలుపు గుప్త ఆర్గ్యుమెంట్ ఇంట్‌నుండి సైజ్‌టికి మారెను; కంటికి కనబడని ఆర్గ్యుమెంట్‌నకు సైతము ఒడంబడిక కలదనుటకు ఇది తార్కాణము.

కర్తవ్యము

ఇంతవరకు చూచినదానినిబట్టి ఆచరణీయములైన సూత్రములు స్పష్టమగుచున్నవి. సరిహద్దు ప్రకటనలు రెండుచోట్ల చేతితో వ్రాయరాదు; సి హెడర్‌నుండి రస్ట్ ప్రకటనలను పుట్టించు బైండ్‌జెన్‌వంటి పనిముట్లచేత ఒకే మూలమునుండి పుట్టింపవలెను. ప్రతి స్ట్రక్చర్‌యొక్క పరిమాణమును, అందలి ప్రతి అంశముయొక్క స్థానమును కంపైల్ సమయముననే ఇరుపక్షములందును పరీక్షింపవలెను. సరిహద్దు దాటి వచ్చిన సంఖ్యను ద్వారమువద్దనే పరీక్షించి, లోపలిభాషకు సహజమైన రకమునకు మార్చి, ఆ పిమ్మటనే లోనికి రానీయవలెను; మౌనముగా బిట్లు తెంపు మార్పులకు తావీయరాదు. కంపైలర్ హెచ్చరికలను దోషములుగానే పరిగణింపవలెను. ఒక్క 64 బిట్ల లినక్స్‌పై సరిగా నడచినదని తృప్తిపడక, విండోస్‌పైనను, 32 బిట్ల యంత్రముపైనను, ఆర్మ్‌పైనను నడిపి చూడవలెను. ఈ వ్యాసమున చెప్పిన దోషములలో పెక్కు ఏకయంత్రపరీక్షకు అందనివే.

ఈ సందర్భమున మన ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఒక మనవి. మన కళాశాలలలో చిరకాలము టర్బో సితో బోధన సాగుటచే ఇంట్ అనగా 2 బైట్లని ఒక తరము, తరువాతి కంపైలర్లతో 4 బైట్లని మరియొక తరము కంఠస్థము చేసినవి. రెండు సమాధానములును అసంపూర్ణములే. ఏ యంత్రము, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ కంపైలర్ అని ఎదురుప్రశ్న వేయుటయే సరియైన సమాధానమునకు ఆరంభము. నేడు తెలుగు యువకులును యువతులును దేశవిదేశములలో ప్రాసెసర్లకు, కెర్నెళ్లకు, డ్రైవర్లకు కోడ్ వ్రాయు స్థానములలో నున్నారు. తరగతిలో ఒక్క స్ట్రక్చర్‌ను రెండు భాషలలో వ్రాయించి, రెండు యంత్రములపై దాని పరిమాణమును కొలిపించి, భేదమునకు కారణమును విద్యార్థిచేతనే చెప్పింపుడు. ఆ అభ్యాసము కలిగినవాడు సరిహద్దు ప్రకటనను వ్రాయునపుడు ఊహపై ఆధారపడడు. ఒడంబడికను తెరచి చదివి, చదివినదానిని పరీక్షగా వ్రాసి, ఆ పిమ్మటనే ముందుకు సాగును.